అయిదవ తీగ

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల మాట. ఆ కార్తెలో తొలి తొమ్మిది దినాలను ఇక్కడి ఛత్తీస్‌గఢ్ ప్రజలు ‘నౌతపా’ అంటారు. 2023వ సంవత్సరపు నౌతపాలో ఒక మధ్యాహ్నం, భిలాయి టౌన్‌షిప్‌లోని మా తెలుగు సంఘం పఠన మందిరంలో, మేము కొత్తగా కూర్చిన సర్వరుకు స్విచ్చి వేశాము. ఫ్యాన్లు తిరిగాయి. రెండు కొత్త హార్డ్ డిస్కులు తిరిగాయి. దేనికోసమైతే ఈ శ్రమ అంతా పడ్డామో ఆ మూడవది, పాత డిస్కు, చలనం లేకుండా ఉండిపోయింది. చెమట పట్టిన అరచేతిని దాని మీద ఆనించి చూశాము. రాతి మీద చేయి వేసినట్టే ఉంది.

అందులో ఏముందో చెప్పనిదే మా గాభరా పాఠకులకు అర్థం కాదు.

1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు మన కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల జనం ఇక్కడికి వస్తూనే ఉన్నారు. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరుకు రైలు మార్గం ఉండటం వారికి కలిసివచ్చింది. చేతిలో ఒక ట్రంకు పెట్టె, ఊరివాడి చిరునామా రాసిన కాగితం ముక్క, హిందీ ఒక్క మాట రాని నోరు. ఇంతే వారు వెంట తెచ్చుకున్నది. మట్టి తవ్వారు, ఇటుకలు మోశారు, ఆపైన రష్యన్ నిపుణుల పక్కన నిలబడి యంత్రాల పని నేర్చారు. మేము 1991లో ట్రైనీ ఇంజనీరుగా చేరేనాటికి ఆ తరం వారు ఫోర్‌మన్లు, చార్జ్‌మన్లు అయివున్నారు. కళాశాలలో చదివిన ఇన్‌స్ట్రుమెంటేషన్ పాఠాలను షాపు ఫ్లోరు మీద పనికి పెట్టడం మాకు నేర్పినది వారే.

2018 నాటికి వారిలో మిగిలినవారు తక్కువ. వారి ఫోటోలను, గొంతులను భద్రపరచాలని సంఘం సమావేశంలో తీర్మానం అయింది. బాధ్యత మా మీద పడింది. కంప్యూటర్లు తెలిసినవాడన్న పేరు ఒకసారి వచ్చిన తరువాత ఇటువంటివి తప్పవు. అయిదేళ్ళలో నాలుగు వేలకు పైగా ఫోటోలు స్కాను చేశాము. ఊరి నుంచి వచ్చిన కార్డులు, శుభలేఖలు, తొలి జీతపు చీటీలు, రష్యన్ ఇంజనీర్లతో దిగిన గ్రూపు ఫోటోలు అందులో చేరాయి. ఇంటింటికీ వెళ్ళి పెద్దల మాటలను, ఆడవారి ఊడ్పు పాటలను రెండు వందల గంటల వరకు రికార్డు చేశాము. మధ్యలో 2021 ఏప్రిల్ వచ్చింది. ఆ నెల దుర్గ్ జిల్లాలో కరోనా ఎట్లా వీచిందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. మేము రికార్డు చేసిన గొంతులలో కొన్ని ఆ నెలలోనే మూగబోయాయి.

ఫోటోలు ఎవరివి వారికి తిరిగి ఇచ్చివేశాము. ఆ కుటుంబాలలో కొన్ని స్వగ్రామాలకు తరలిపోయాయి. రికార్డరులోని మెమరీ కార్డు నిండినప్పుడల్లా ఖాళీ చేసి మళ్ళీ వాడాము. ఇదంతా కలిసి సుమారు మూడు టెరాబైట్లు. ఉన్నది ఒకే ఒక్క ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో. నడిచే పంపు పక్కన స్టాండ్‌బై పంపు లేకపోతే డ్రాయింగు మీద సంతకం పెట్టని మేము, ఈ విషయంలో అయిదేళ్ళపాటు ఒకే ప్రతి మీద నడిపించాము. సంగతి తెలిసిన నాడు మా శ్రీమతి ఒక మాట అడిగింది: “అత్తయ్యగారు ఏనాడైనా ఆవకాయ అంతా ఒకే జాడీలో పెట్టారా?” దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టెకు వెనుక యూఎస్‌బీ సాకెట్టు వదులయింది. కేబులును ఒక కోణంలో పట్టుకుంటే పనిచేసేది, వదిలితే ఆగేది. అప్పుడు సర్వరు ఆలోచన వచ్చింది. రెండు కొత్త డిస్కులను జంటగా అమర్చి, రాసిన ప్రతి అక్షరమూ రెండింటి మీదా పడేటట్లు చేయాలి. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఇటువంటి అమరికలకు ‘రెయిడ్’ అని పేరు పెట్టారు. చిన్న, చవక డిస్కులను కూటమిగా చేసి పెద్ద డిస్కుకు సాటి చేయవచ్చన్నది వారి వాదం. పాత డిస్కును దాని పెట్టెలో నుంచి బయటికి తీసి, సర్వరులోనే నేరుగా బిగించి, సరుకంతా జంట డిస్కులలోకి దించి, ఆ తరువాత పాతదానిని మూడవ ప్రతిగా వేరే ఇంట దాచాలని మా పథకం. కొన్ని పెట్టెలలోని సర్క్యూటు సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చి రాస్తుంది. అటువంటి డిస్కును బయటికి తీస్తే చదవలేము. మాది అటువంటిది కాదని ముందే నిర్ధారణ చేసుకున్నాము. ఆ ఒక్క జాగ్రత్త తీసుకున్నందుకు మమ్మల్ని మేమే మెచ్చుకున్నాము కూడా.

ఇక స్విచ్చి వేసిన మధ్యాహ్నానికి వస్తాము.

తిరగని డిస్కు విషయంలో చేయవలసిన పరీక్షలన్నీ వరుసగా చేశాము. డేటా కేబులు మార్చాము. మదర్‌బోర్డు మీద పోర్టు మార్చాము. కొత్త డిస్కుకు వెళ్ళే పవర్ కేబులును తీసి పాతదానికి పెట్టాము, తిరగలేదు. పాతదానికి పెట్టిన కేబులును కొత్తదానికి పెట్టాము, నిక్షేపంగా తిరిగింది. మల్టీమీటరు తెచ్చి వోల్టేజీలు కొలిచాము. పన్నెండు ఉండవలసిన చోట పన్నెండు, అయిదు ఉండవలసిన చోట అయిదు, 3.3 ఉండవలసిన చోట 3.3. ఒక్కటీ తప్పు లేదు. కరెంటు సరిగా ఉంది, కేబులు సరిగా ఉంది, తోటి డిస్కులు సరిగా ఉన్నాయి. కనుక దోషం డిస్కుదే. తర్కశాస్త్రం ప్రకారం ఇందులో పొరపాటు ఎక్కడా లేదు.

ఆ రాత్రి డిస్కును ఇంటికి తెచ్చి మా పాత కంప్యూటరుకు తగిలించాము. అది తిరిగింది!

మా ఆనందం అరగంట. ఫైళ్ళ పేర్లు తెర మీద కనబడ్డాయి కాని, కాపీ మొదలుపెట్టగానే వేగం పడిపోయింది, పొరపాటు సందేశాలు వచ్చాయి, కొంతసేపటికి డిస్కు మాయమయింది. మళ్ళీ కంప్యూటరును ఆపి వేస్తే కనబడేది. మళ్ళీ అదే వరుస. మర్నాడు సర్వరుకు తీసుకువెళ్ళాము, మళ్ళీ రాయి. ఇంటికి తెచ్చాము, తిరిగింది, తడబడింది. ఒకచోట శవం, మరొకచోట జబ్బుమనిషి. రెండు సాక్ష్యాలూ కలిపి చూస్తే డిస్కు కొన ఊపిరితో ఉందనే తోచింది. సుపేలా బజారులో ఒక దుకాణంవారికి చూపించాము. వారు రెండు నిమిషాలు చూసి, తమ వల్ల కాదన్నారు. డేటా రికవరీకి పెద్ద నగరానికి పంపాలని, ఖర్చు ఫలానా అవుతుందని చెప్పారు. ఆ మొత్తం మా సంఘం ఏడాది బడ్జెట్టు కంటె ఎక్కువ.

ఇంట్లో జ్వరం వస్తే వీధి వీధంతా వైద్యులే. డిస్కుకూ అంతే. ఒకరు ఫ్రిజ్‌లో పెట్టి తీయమన్నారు. ఒకరు బల్ల మీద మెల్లగా తట్టమన్నారు. ఇంకొకరు మూత విప్పి చూడమన్నారు. ఈ మూడూ చేయకపోవడమే ఆ వారంలో మేము చేసిన మంచి పని. నౌతపాలో ఫ్రిజ్ నుంచి తీసిన లోహం మీద తేమ పట్టకుండా ఉంటుందా? ఇక మూత సంగతి. పెద్ద డిస్కులలో పళ్ళేలు నిమిషానికి 5,400 లేక 7,200 చుట్లు తిరుగుతూ ఉంటే, చదివే తల వాటి మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మన ఊరి గాలిలోని ఒక్క ఇనుప ధూళి రేణువు దాని దారిలో కొండ వంటిది. 1956లో ఐబీఎం వారు తెచ్చిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో ఇరవై నాలుగు అంగుళాల పళ్ళేలు యాభై ఉండేవి. అంతా కలిపి పట్టినది యాభై లక్షల అక్షరాలు. అరచేతిలో పట్టే మా డిస్కు దానికి పదహారు లక్షల రెట్లు పడుతుంది. అంత సూక్ష్మంగా రాసినదానిని తట్టి లేపుదామనుకోవడం సాహసం.

అయిదవ రోజున, రెండు యంత్రాలనూ పక్కపక్కన పెట్టి చూద్దామని ఇంటి కంప్యూటరును కూడా పఠన మందిరానికి మోసుకువెళ్ళాము. సాయంకాలం ఒక పెద్దాయన వచ్చారు. టెక్కలి ప్రాంతం నుంచి 1962లో ఇరవయ్యేళ్ళ వయసులో వచ్చి, ఎలక్ట్రికల్ రిపేరు షాపులో మోటారు వైండింగు చేసి, 2000లో రిటైరయినవారు. మేము వారిని బాబాయిగారూ అంటాము. వారి భార్య మాకు పిన్నిగారు. ఆమె 2021 ఏప్రిల్‌లో పోయారు. ఆమె రికార్డింగులు రెండు ఆ డిస్కులో ఉన్నాయి. ఒకటి, 1965లో చంకలో పిల్లతో దుర్గ్ స్టేషనులో దిగి, భర్త కనబడక, భాష రాక, రెండు గంటలు ట్రంకు మీద కూర్చున్న కథ. రెండవది పాటలు. డిస్కు పాడయిందని బాబాయిగారికి ఎవరో చెప్పేశారు. మేము చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.

వారు వచ్చి మమ్మల్ని ఏమీ అడగలేదు. కుర్చీ లాక్కుని సర్వరు పక్కన కూర్చున్నారు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి తీసుకుని, దాని మొనను డిస్కు అంచుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నారు. మన షాపులలో బేరింగు శబ్దం వినే పద్ధతి అది, పాతకాపులకు తెలుసు. కొంతసేపు విని తల అడ్డంగా ఊపారు.

“తిరగట్నేదు బాబూ.”

“అవును బాబాయిగారూ. ఆ కంప్యూటరులో తిరుగుతోంది, ఇందులో తిరగటం లేదు.”

“మరి రెండిటికీ కరెంటొక్కటే కదేటి?”

“ఒక్కటే బాబాయిగారూ. కొలిచి చూశాము.”

వారు లేచి రెండవ యంత్రం దగ్గరికి వెళ్ళారు. కళ్ళజోడు సవరించుకుని, కేబుళ్ళను వేళ్ళతో విడదీసి, చాలాసేపు చూశారు. ఆ వేళ్ళు నలభై ఏళ్ళు రాగి తీగలను లెక్కపెట్టినవి.

“దీనికి నాలుగే తీగలున్నాయి. ఆ పెట్టిలోదానికి అయిదున్నాయి. ఆ నారింజ రంగుది ఏటికి బాబూ?”

మేము తడుముకోకుండా చెప్పాము: “అది 3.3 వోల్టులది బాబాయిగారూ. ఈ డిస్కులు దానిని వాడుకోవు. ఉన్నా లేకపోయినా ఒకటే.”

“ఓహో,” అన్నారు వారు. అంతకంటె ఏమీ అనలేదు. కాని ఇంటికి వెళ్ళిన తరువాత ఆ ‘ఓహో’ మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఉన్నా లేకపోయినా ఒకటే అన్న సంగతి మాకు ఎట్లా తెలుసు? ఎప్పుడు తెలుసుకున్నాము? పదిహేనేళ్ళ కిందట, ఈ రకం కనెక్టరు కొత్తగా వచ్చిన రోజులలో. అప్పటికి అది నిజమే. డెస్క్‌టాపు డిస్కులు పన్నెండును, అయిదును మాత్రమే వాడుకునేవి. నారింజ తీగ ఊరకే వచ్చి వెళ్ళేది. మా పాత కంప్యూటరులో పవర్ సప్లై కనెక్టరు ఎప్పుడో విరిగిపోతే, నాలుగు తీగల పాత ప్లగ్గు నుంచి ఒక అడాప్టరు వేసుకున్నాము. ఆ పాత ప్లగ్గులో పసుపు, ఎరుపు, రెండు నలుపు తప్ప నారింజ ఉండదు. ఆ డిస్కు ఉండిన యూఎస్‌బీ పెట్టెలోనూ 3.3 దానికి అందలేదన్నమాట. అంటే తిరిగిన చోట్లన్నిటా అయిదవ తీగ లేదు. తిరగని ఒకే ఒక్క చోట ఉంది.

అర్ధరాత్రి లేచి సాటా ప్రమాణాల వివరాలు తిరగవేశాము. 2016 ఫిబ్రవరిలో వెలువడిన 3.3వ సవరణలో జవాబు దొరికింది. డిస్కు పవర్ కనెక్టరులో పదిహేను పిన్నులు. వాటిలో మొదటి మూడూ పూర్వం 3.3 వోల్టులకు కేటాయించినవి. ఎవరూ వాడుకోవడం లేదు గనుక మూడవ పిన్నుకు ఇప్పుడు కొత్త పని అప్పగించారు. దాని మీద వోల్టేజీ కనబడినంతసేపు డిస్కు పడుకోవాలి. వోల్టేజీ తీసివేస్తే లేవాలి. వేలాది డిస్కులు నడిచే పెద్ద డేటా కేంద్రాలలో ఒక డిస్కు మొండికేస్తే, మనిషి వెళ్ళి ప్లగ్గు పీకనక్కరలేకుండా దూరం నుంచే ఆపి లేపడానికి ఈ సదుపాయం. విడిగా అమ్మే మామూలు డిస్కులలో చాలావాటికి ఇది ఉండదు. అందుకే మా కొత్త డిస్కులు తిరిగాయి. పెట్టెలలో అమర్చి అమ్మే కొన్నింటికి ఉంటుంది. పాత పద్ధతి పవర్ సప్లై ఆ పిన్ను మీద నిరంతరం 3.3 ఇస్తూనే ఉంటుంది. డిస్కు దానిని ‘పడుకో’ అన్న ఆజ్ఞగా తీసుకుని, ఆజ్ఞ ఎత్తివేసేదాకా పడుకునే ఉంటుంది. అయిదు రోజులపాటు మా డిస్కు చేసినది విధేయత. మేము మల్టీమీటరు పెట్టి, 3.3 సరిగ్గా ఉందని సంతోషించినది కూడా ఆ పిన్నుల దగ్గరే.

ఇక్కడ వృత్తి ధర్మంగా ఒక మాట. యంత్రం ఆగినప్పుడు ఏది లేదో వెతకడం మాకు అలవాటు. కరెంటు లేదా, గాలి లేదా, నూనె లేదా, సిగ్నలు లేదా? ముప్ఫై ఏళ్ళలో నూటికి తొంభై సార్లు ఆ వెతుకులాట ఫలించింది. ఉన్నది ఎక్కువయినందువల్ల ఆగిందేమోనన్న ఆలోచన మాకు చివరకు వచ్చినది కూడా స్వయంగా కాదు. ఏమీ తెలియనందువల్ల బాబాయిగారు తీగలు లెక్కపెట్టారు. తెలుసు గనుక మేము లెక్కపెట్టలేదు.

చికిత్స సులభం. నాలుగు తీగల అడాప్టరు వేస్తే సరిపోతుంది కాని, వాటిలో ప్లాస్టిక్కును ఒకే ముద్దగా పోతపోసిన రకం లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. మా పాత అడాప్టరు ఆ రకానిదే. అంతకంటె ఆ పిన్నును కప్పివేయడం మేలు. డేటా కనెక్టరు వైపు నుంచి లెక్కిస్తే మూడవది. మొదటి మూడూ 3.3వే గనుక మూడింటినీ కలిపి కప్పినా నష్టం లేదు. మర్నాడు బాబాయిగారికి సంగతి చెప్పగానే ఇంటికి వెళ్ళి తేనె రంగు టేపు చుట్ట ఒకటి తెచ్చారు. కాప్టాన్ టేపు, వేడిని తట్టుకుంటుందని మోటారు చుట్టలలో వాడే రకం. బ్లేడుతో సన్నటి ముక్క కోసి, పట్టకారుతో పట్టుకుని, ఎనభై ఒకటవ ఏట వారే అతికించారు. మా చేతులు వణుకుతున్నాయి గనుక మేము అడ్డు చెప్పలేదు. స్విచ్చి వేశాము. బాబాయిగారు స్క్రూడ్రైవరును చెవికి పెట్టుకున్నారు. మేము వారి ముఖం చూస్తూ నిలబడ్డాము. ముఖం చెప్పింది.

కాని కథ అంతటితో అయిపోలేదు. తిరగడం వేరు, చదవడం వేరు. ఇంటి కంప్యూటరులో వచ్చిన పొరపాట్ల మాట ఏమిటి?

నేటి డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే లెక్క కట్టుకుని రాసుకుంటాయి. ‘స్మార్ట్’ అని ఆ లెక్కల పట్టికకు పేరు. అందులో అయిదవ వరుస, పాడయిన చోట్లకు బదులు కేటాయించిన చోట్ల లెక్క. 197, 198 వరుసలు చదవడానికి మొరాయిస్తున్న చోట్ల లెక్క. ఈ మూడూ పెరుగుతుంటే డిస్కు పళ్ళెమే చెడుతున్నదని సాధారణంగా అర్థం. 199వ వరుస వేరు. అది డిస్కుకూ కంప్యూటరుకూ మధ్య దారిలో చెదిరిన సమాచారపు లెక్క. రోగం ఇంటిలోనిదా, వీధిలోనిదా అని చెప్పేది ఆ వరుస. ఇంటి దగ్గర మొదటి రాత్రే ఈ పట్టికను తెరిచాము కాని, ఒక పెద్ద అంకె కంటపడగానే కంగారుతో మూసివేశాము. ఇప్పుడు స్థిమితంగా చూస్తే 5, 197, 198 సున్నాలు. ఆ పెద్ద అంకె 199వ వరుసలోది. అంటే డిస్కు నిర్దోషి. మా ఇంటి కంప్యూటరులో ఏళ్ళ తరబడి మడతపడి ఉన్న డేటా కేబులు దోషి. రెండు వేరు వేరు లోపాలు ఒకేసారి ఎదురై, ఒకదాని సాక్ష్యం మరొకదానికి బలమిచ్చి, నిరపరాధికి శిక్ష వేయించబోయాయి. 199వ అంకె ఒకసారి పెరిగితే మరి తగ్గదు. అందుచేత దానిని కాగితం మీద రాసి పెట్టుకుని, కొత్త కేబులుతో కాపీ మొదలుపెట్టి, గంట గంటకూ పోల్చి చూశాము. పెరగలేదు.

సున్నాలు చూసి ధీమా పడటానికి కూడా లేదు. గూగుల్ సంస్థ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం, పాడయిన డిస్కులలో సగానికి మించి ముఖ్యమైన స్మార్ట్ హెచ్చరికలు ఏవీ చూపకుండానే పోయాయి. మన రైలు పట్టాలను కర్మాగారం దాటేముందు అల్ట్రాసోనిక్ పరీక్షకు పెడతాము; లోపలి పగులు అప్పుడు పట్టుబడుతుంది. డిస్కుకు అంత నమ్మకమైన పరీక్ష లేదు. కనుక ఆ రాత్రంతా పఠన మందిరంలోనే ఉన్నాము. కూలరు నీళ్ళు రెండుసార్లు నింపాము. తెల్లవారుజామున నాలుగున్నరకు చివరి ఫైలు దిగింది.

ఆ తరువాత ఒక్కొక్క ఫైలునూ తెరిచి, సరిగా ఉన్నదీ లేనిదీ చూసే పని పెట్టుకున్నాము. మూడు వారాలు పట్టింది. అన్నీ ఉన్నాయి, రెండు తప్ప. ఆ రెండూ సగంలో తెగిపోయిన రికార్డింగులు. తేదీలు చూస్తే 2021 ఫిబ్రవరి. యూఎస్‌బీ సాకెట్టు వదులవడం మొదలయిన కాలం. కాపీ జరుగుతుండగా కేబులు కదిలి తెగి ఉంటుంది. మేము మొత్తం దిగిందా లేదా అని చూడకుండా మెమరీ కార్డును ఖాళీ చేసి ఉంటాము. దానికి డిస్కును గాని, వేడిని గాని, మరెవరిని గాని అనవలసినది లేదు.

ఆ రెండింటిలో ఒకటి పిన్నిగారి పాటలది. నలభై నిమిషాలు పాడినట్టు మా నోటుపుస్తకంలో ఉంది. ఫైలులో ఉన్నది పదకొండు నిమిషాలు.

ఈసారి బాబాయిగారికి మేమే చెప్పాము. వారు వినిపించమన్నారు. పఠన మందిరంలో తలుపులు వేసి, ఇద్దరమే కూర్చుని విన్నాము. మూడవ పాట మధ్యలో, చరణం ఎత్తుకున్న చోట, శబ్దం ఆగిపోయింది. బాబాయిగారు కొంతసేపు కిటికీ వైపు చూశారు. “ఇది ఊడ్పుల్లో మా అమ్మ కాడ నేర్సుకున్నాది. మిగతాది నాకొచ్చు బాబూ,” అన్నారు. ఆ వారంలోనే ఒక ఉదయం రికార్డరు పట్టుకుని వారింటికి వెళ్ళాము. గొంతు నిలవక చాలాసార్లు ఆగారు కాని, పాట పూర్తి చేశారు. ఆ ఫైలు పిన్నిగారి ఫైలు పక్కనే ఉంది. రెండింటినీ కలిపి ఒకటిగా చేస్తారా అని ఎవరో అడిగారు. చేయలేదు.

ఇప్పుడు ఏ ఫైలు దిగినా దానికి ఒక సంకేత సంఖ్యను లెక్కకట్టి, మూలంలోని సంఖ్యతో సరిపోలిన తరువాతనే కార్డును ఖాళీ చేస్తున్నాము. జంట డిస్కుల సర్వరును ప్రతిగా లెక్కించడం లేదు. పొరపాటున ఒక ఫైలును చెరిపితే ఆ అమరిక రెండు డిస్కుల మీదా ఒకే క్షణంలో చెరుపుతుంది. ఆ సంగతి కొత్తగా సర్వరు పెట్టేవారు చాలామంది మరచిపోతారు. పాత డిస్కును మూడవ ప్రతిగా ఇదే ఊరిలో పెట్టడం కంటె దూరాన ఉంచడం మంచిదని కమిటీ అనుకున్నది. ఎక్కడ అన్న ప్రశ్నకు బాబాయిగారే జవాబిచ్చారు. ఆ దసరా వెళ్ళగానే వారు క్వార్టరు విడిచి, స్వగ్రామంలో ఉన్న మనవడి దగ్గరకు వెళ్ళిపోతున్నారు.

డిస్కును మెత్తటి గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చాము. టేపు ముక్కను తీయవద్దని, దాని అవసరం ఏమిటో ఒక కాగితం మీద తెలుగులో రాసి డబ్బాలోనే ఉంచాము. దుర్గ్ స్టేషనులో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కించినప్పుడు బాబాయిగారు సామాను అంతా సీటు కిందికి తోయించి, ఆ డబ్బాను మాత్రం ఒళ్ళో పెట్టుకున్నారు. రాయపూరు, టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం, వచ్చిన దారే.

మూడవ రోజు రాత్రి ఫోను వచ్చింది.

“సేరినాం బాబూ. మావోడు పెట్టి సూసినాడు. స్క్రూడ్రైవరు నేదు గానీ, సెవి ఆనించి ఇన్నాను. తిరుగుతంది.”